పాట మీద మా ఆవిడ గొంతు

ఉదయం పదకొండు గంటల అయిదు నిమిషాలకు గోల్‌బజార్‌లో చేప కొంటున్నాను. గడియారం చూసుకోవడం ఆసుపత్రి రోజుల నుంచి మిగిలిన అలవాటు. చేపలతను రుయ్ చేపను కత్తిపీట దగ్గర పెట్టుకుని, తల విడిగా ఇవ్వాలా, ముక్కల్లో కలపాలా అని అడిగాడు. జవాబు చెప్పేలోగా రోడ్డు మీద నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఇంకా అవ్వనేదు. ఎవులికీ ఇవ్వకండి."

ఆమె చనిపోయి అప్పటికి ఆరు నెలలు.

చేపలతనికి ఆ గొంతుతో పని లేదు కాబట్టి, "దాదా, తల?" అని మళ్ళీ అడిగాడు. కలిపెయ్యమన్నాను. ఇలాంటి చోట పుస్తకాల్లో గుండె ఆగిందని రాస్తారు. నాకు ఆగలేదు. సంచీ పట్టుకుని శబ్దం వచ్చిన వైపు నడిచాను.

సందు చివర ఒక లారీ ఉంది. దాని మీద మనిషి ఎత్తున స్పీకర్ బాక్సులు పేర్చి ఉన్నాయి. రెండు రోజుల్లో విశ్వకర్మ పూజ. కలకత్తాకు రెండు గంటల దూరంలోని రైల్వే వర్క్‌షాపుల ఊరు కనుక మాకు అది పెద్ద పండగ. ముందు నుంచే బాక్సులు కట్టి పరీక్షిస్తుంటారు. డప్పు, దాని కింద ఇంకేదో బరువైన శబ్దం, కాసేపటికి మళ్ళీ మా ఆవిడ. లారీ మీద ఆపరేటర్ నన్ను చూసి, గోల ఎక్కువైందని తిట్టడానికి వచ్చాననుకుని శబ్దం తగ్గించాడు. తగ్గించొద్దన్నాను. నా వయసు వాళ్ళెవరూ అతనితో ఆ మాట అని ఉండరు. కాసేపు నన్ను అనుమానంగా చూసి మళ్ళీ పెంచాడు.

ఆ గొంతు అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి.

మా అమ్మాయి డాన్సు పాటలు తయారుచేస్తుంది. పాడదు. తాల్‌బగీచాలో మా ఇంటి వెనక గదిలో, గోడలకు పాత బొంతలు వేలాడదీసి, లాప్‌టాప్ ముందు కూర్చుని డప్పులూ శబ్దాలూ అతుకుతుంది. పెళ్ళిళ్ళకూ పూజలకూ డీజేలు అడిగినవి చేసి ఇవ్వడం ఆమెకు బతుకుతెరువు. ఇది మాత్రం ఆమె సొంత పాట. తన పేరుతో బయటికి రావలసిన మొదటిది.

ఈ వృత్తిలో ఒక పద్ధతి ఉంది. పాట విడుదల చేసే ముందు నమ్మకమైన వాళ్ళకు చాటుగా పంపుతారు. మా అమ్మాయికి అలాంటి వాళ్ళు నలుగురు. ఒకాయన కలకత్తా హోటళ్ళలో వాయిస్తాడు, ఒకరు విశాఖపట్నం, ఒకరు కటక్. నాలుగో అతను మా ఊళ్ళోనే నిమ్‌పురాలో ఉండే మన తెలుగు మనిషే, పూజలకు బాక్సులు కట్టే డీజే. మిగతా ముగ్గురినీ ఆమె ఎన్నడూ చూడలేదు. పాటను ముందు ఫోన్‌లో, తర్వాత బండిలో, ఆ తర్వాత పెద్ద బాక్సుల మీద వినాలి. విని, ఎక్కడ ఏమి బాగోలేదో రాయాలి. బాగుంది అని రాయకూడదు. ఆ మాట వల్ల ఎవరికీ ఉపయోగం లేదని వాళ్ళ సిద్ధాంతం.

కొన్ని జవాబులు ఆమె నాకు చదివి వినిపించేది. "మొదలు పొడుగు. జనం నీళ్ళు తాగడానికి పోతారు." "రెండో నిమిషంలో కింది శబ్దం బురద." కలకత్తా ఆయన ఒకసారి, "ఇక్కడ నా వేలు తరవాతి పాట మీదకు పోయింది" అని మాత్రమే రాశాడు. నేను బడిలో తెలుగు చెప్పి రిటైరైన వాణ్ణి. పుస్తకాల మీద సమీక్షలు చాలా చదివాను. వాటిలో ఇంత మర్యాద తెలిసినవి తక్కువ.

మొదట్లో నన్ను కూడా ఆ జాబితాలో చేర్చింది. విని, "బాగుందమ్మా" అన్నాను. తీసేసింది.

ఒక ఏడాది ఇలా అభిప్రాయం కోసం పంపిన పాట ఒకటి ఎలాగో బయటికి పోయి, మరో డీజే పేరు అరుపుతో సహా ఒక పందిట్లో మోగింది. అప్పటి నుంచి పంపే పాటల మీద గొంతు పెట్టాలని నిర్ణయించుకుంది. అది తాళం లాంటిది. పాట మధ్యలో మాటిమాటికీ ఒక గొంతు అడ్డొస్తుంటే దొంగిలించినా వాడుకోలేరు. విడుదల చేసేటప్పుడు ఆ గొంతు తీసేస్తారు. మామూలుగా డీజేలు తమ పేరే పులి గాండ్రించినట్టు పలికించి పెడతారు. మా అమ్మాయి తన గొంతుతో ప్రయత్నించింది. ఎవరినో చేబదులు అడుగుతున్నట్టుందని తనే చెరిపేసింది.

మా ఆవిడ స్టేషన్లో విచారణ కిటికీ దగ్గర పనిచేసి రిటైరైంది. బండి ఇంకా రాలేదని తెలుగులో, బంగాలీలో, హిందీలో, అవసరమైతే ఒడియాలో చెప్పేది. చెప్పాక ఎవరూ వాదించేవారు కాదు.

అమ్మాయి ఆమెను పడకగదిలోకి తీసుకుపోయి, చీరల బీరువా తలుపు తీసి, తల లోపల పెట్టమంది. ఫోన్ అప్పటికే చీరల మధ్య ఉంది. నేను మంచం మీద కూర్చుని చదువుకుంటున్నాను.

"ఏటి సెప్పాలో బేగి సెప్పు. కూర పొయ్యి మీదుంది."

"ఇంకా అవ్వలేదు, ఎవరికీ ఇవ్వకండి అనమ్మా."

"దీనికి బీరువాలో తలెట్టాలా?"

"చీరలుంటే గొంతు గోడలకి తగిలి వెనక్కి రాదు."

"సర్వీసంతా మాటాడినాను, ఎవులూ బీరువా అడగనేదు."

ఆ తర్వాత ఆ రెండు వాక్యాలూ చెప్పింది, తన పద్ధతిలో. అమ్మాయి ఇంకోసారి అడిగింది.

"వచ్చినోడికల్లా రెండుసార్లు సెప్తే నా కిటికీ ముందు లైను టాటానగర్ దాకా ఉండేది. పో."

బీరువాలోంచి తల బయటికి తీసి, జుట్టు సర్దుకుని, ఒక షరతు పెట్టింది.

"పాట అయిపోనాక నా గొంతు తీసెయ్యాల. ఒట్టెయ్యి."

"ఎందుకమ్మా? తీసేదే కదా ఎలాగూ."

"అందుకే ఒట్టెయ్యమంతన్నాను. బజార్న నా గొంతు ఇనబడితే బండెప్పుడొస్తాదని అడుగుతారు జనం. సాలు. అరిసినంతకాలం అరిసినాను. ఇప్పుడు రిటైరైనాను."

అమ్మాయి చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టింది. కూర కొంచెం మాడింది.

మార్చిలో ఆవిడ పోయింది. జబ్బు గురించి ఇక్కడ రాయను. రోజులు గడిచాక అమ్మాయి వెనక గదిలోకి తిరిగి వెళ్ళింది. ఆ ఒక్క పాటనే అటూ ఇటూ చేసి నలుగురికీ పంపుతూ ఉండేది. వాళ్ళు దోషాలు చెప్పడం మానేశారు. చెప్పడానికి లేక మానేశారు. "ఇది అయింది. విడుదల చెయ్యి" అని కలకత్తా ఆయన రాశాడు. ఈమె ఇంకేదో శబ్దం మార్చి మళ్ళీ పంపేది. ఎందుకని అడిగాను.

"అయితే అమ్మని తీసెయ్యాల కదా నాన్నా" అంది.

ఆ పాటే లారీ మీద మోగింది.

ఆ సాయంత్రమే నిమ్‌పురా అతను మా ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మాస్టారూ, తప్పయిపోనాది."

జరిగింది ఇది. పెద్ద బాక్సుల మీద విని చెప్పడం అతని వంతు కాబట్టి, పాటను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ముందు రోజు ఆ లారీ మీద పరీక్షించాడు. విన్నాడు, బాగానే ఉంది. పెన్‌డ్రైవ్‌ను మిక్సర్‌కే వదిలేసి భోజనానికి దిగాడు. తిరిగొచ్చేసరికి ఆపరేటర్ పాటను కాపీ చేసుకుని, ఇంకో ఇద్దరు లారీల వాళ్ళకు పంచి, పుణ్యం కట్టుకున్నాడు.

"అన్నా," అంది మా అమ్మాయి, "ఎవులికీ ఇవ్వకండి అని అమ్మ అరుస్తా ఉంటే, నువ్వు పెన్‌డ్రైవ్ ఒగ్గీసి బిర్యానీకి పోనావా?"

"సల్లారిపోతాదని..."

"బిర్యానీయా, పాటా?"

"ఆ ఆపరేటర్ బంగాలీవోడు, దీదీ. అమ్మగారు ఏటన్నారో ఆడికి తెలీదు. మంచి మాటేదో అనుకున్నాడు."

తాళం దొంగకు తెలియని భాషలో ఉందన్న సంగతి మా ముగ్గురిలో ఎవరికీ అంతకు ముందు తోచలేదు. లోపలికొచ్చి కూర్చోమన్నాను. చేప కూర ఉంది, తిని వెళ్ళాడు.

విశ్వకర్మ పూజ నాడు ఊళ్ళో చాలా లారీల మీద ఆ పాటే. గొంతు వచ్చే చోటు దగ్గరపడగానే డాన్సు చేసేవాళ్ళు ఆగి, చేతులెత్తి, మా ఆవిడతో పాటు అరిచేవారు. బంగాలీలు, బిహారీలు, ఒడియావాళ్ళు, అర్థం తెలియని వాళ్ళందరూ శ్రీకాకుళం యాసలో ఎవరికీ ఇవ్వొద్దని అరిచారు. ఆమె ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇంతమంది ఒక్కసారిగా ఆమె మాట విన్నది లేదు.

ఆ పక్షం రోజులు నేను గోల్‌బజార్‌కు తరచుగా వెళ్ళాను. ఉత్తి చేతులతో తిరిగి రావడం బాగుండదని చేప కొనేవాణ్ణి.

"నాన్నా, ఫ్రిజ్‌లో చోటు లేదు" అంది అమ్మాయి. ఎందుకు కొంటున్నావని అడగలేదు.

ఈలోగా కలకత్తాలో పాటలు విడుదల చేసే సంస్థ ఒకటి ఆమెకు కబురు పెట్టింది. దుర్గా పూజలోపు పాటను వాళ్ళ తరఫున బయటికి తెస్తారు, ఆమె పేరుతోనే. గొంతు మాత్రం ఉండాలి. గొంతు లేకపోతే వద్దు. నలుగురినీ అడిగింది. నలుగురూ ఉంచమన్నారు. కలకత్తా ఆయన, "ఆ గొంతే పాట" అని రాశాడు. నిమ్‌పురా అతను ఫోన్ చేశాడు. "నీ డప్పు కంటే అమ్మగారే బాగున్నారు దీదీ."

"బాగుంది అనకూడదని రూలు" అని పెట్టేసింది.

రెండు రోజుల తర్వాత నా ఫోన్‌కు రెండు పాటలు వచ్చాయి. ఒకటి గొంతుతో, ఒకటి గొంతు లేకుండా. పక్క గదిలో ఉన్న మనిషి పంపింది. కింద ఒక వాక్యం: "రూల్స్ తెలుసు కదా."

ఫోన్‌లో విన్నాను. గోల్‌బజార్ వెళ్ళే ఆటోలో డ్రైవర్‌ను బతిమాలి విన్నాను. నిమ్‌పురా వెళ్ళి, యార్డు పక్కన నిలబెట్టిన లారీ మీద విన్నాను. అతను బాక్సులు నా ఒక్కడి కోసం పెట్టి, కాస్త దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. గొంతు తీసేసిన పాటలో అమ్మాయి చాలా చోట్ల వేరే శబ్దాలతో పూడ్చేసింది. మధ్యలో ఒక్కచోట మాత్రం ఏమీ పెట్టలేదు. డప్పు కూడా ఆగిపోతుంది. ఆ రెండు వాక్యాలకు పట్టేంత సేపు ఏమీ ఉండదు. తర్వాత డప్పు మళ్ళీ వస్తుంది.

ఇంటికొచ్చి రాశాను: "మధ్యలో ఒకచోట ఖాళీ ఉంది."

తలుపు తెరుచుకుంది.

"తప్పా?"

"తప్పనలేదు. ఉందన్నాను."

"ఉంచనా?"

"ఉంచు."

గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడింది.

"నాన్నా, నీకేది కావాల?"

"గొంతున్నది."

"మరి?"

"మీ అమ్మ రిటైరైంది."

సరేనంది. లోపలికి వెళ్ళి సంస్థకు రాసింది. వాళ్ళు వద్దనుకున్నారు. పాటను తనే విడుదల చేసుకుంది. తన పేరు, పాట పేరు, అంతే. గొంతున్న ఫైల్‌ను ఏం చేసిందో నాకు తెలియదు. లారీల వాళ్ళను ఒక్కొక్కరినే కలిసి, పాతది తీసేసి ఇది వేయించే పని నిమ్‌పురా అతను నెత్తిన వేసుకున్నాడు. బిర్యానీకి అది జరిమానా అన్నాడు.

దుర్గా పూజ నిమజ్జనానికి నేనూ వెళ్ళి రోడ్డు పక్కన నిలబడ్డాను. ఖాళీ వచ్చింది. బాక్సులు ఊరుకున్నాయి. జనం ఊరుకోలేదు. ఊరేగింపంతా ఆ చోట, "ఇంకా అవ్వనేదు, ఎవులికీ ఇవ్వకండి" అని అరిచింది. డప్పు తిరిగి అందుకుంది. నా పక్కన వర్క్‌షాప్ మనిషి ఒకాయన, బంగాలీ, గొంతు బొంగురుపోయేలా అరిచి, నా వైపు తిరిగి హిందీలో అడిగాడు.

"దాదా, మీరు తెలుగువాళ్ళలా ఉన్నారు. దీనికి అర్థం ఏమిటి?"

చెప్పాను.

"ఏది అవ్వలేదు?"

"ఈ పాట."

"అయింది కదా?"

"అయింది" అన్నాను.

మా అమ్మాయి ఆ తర్వాత ఇంకా కొన్ని పాటలు చేసింది. పంపేటప్పుడు వాటి మీద గొంతుకు బదులు ఒక బీప్ పెడుతుంది. నేను జాబితాలో ఉన్నాను. ఇంతవరకు బాగుంది అనలేదు. మొన్నటి పాటకు మొదలు పొడుగని రాశాను, తగ్గించింది.

ఈ ఏడు విశ్వకర్మ పూజకు గోల్‌బజార్ సందు చివర ఒక లారీ మీద ఆ పాట వేశారు. చేప తీసుకుని వెళ్ళి నిలబడ్డాను. ఖాళీ వచ్చింది. డాన్సు చేసేవాళ్ళు డప్పు కోసం ఆగారు. ఒకతను ఆ ఖాళీలో నీళ్ళు తాగాడు. డప్పు వచ్చింది.

ఇప్పుడు ఆ చోట ఎవరూ అరవరు.