పంపకం ముగియకుండానే పోయిన చిన్నతాత

చిన్నతాత పోయారని లత్తేరి స్టేషన్ దాటుతుండగా ఫోన్ వచ్చింది. రైల్లో నిలబడి ఉన్నాను. నిజం చెబుతున్నాను, ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. గుడియాత్తం ఇంటి పంపకం ఇంకా రిజిస్టరు కాలేదు. ఆ ఇంట్లో మా అత్త ఒక్కతే ఉంటోంది. ఇక ఆమె తరఫున అడ్డం నిలబడేదెవరు?

మీకు సంగతి చెప్పాలి. మా తాత ఆ ఇంటినీ, వెనక మగ్గాల షెడ్డునూ పెదనాన్నకూ, మా నాన్నకూ, భర్త పోయి పుట్టింటికి చేరిన అత్తకూ సమానంగా రాశారు. పంచిపెట్టే బాధ్యత తన తమ్ముడికి, అంటే మా చిన్నతాతకు అప్పగించారు. ఆ బాధ్యత మోసేవాణ్ణి ఎగ్జిక్యూటర్ అంటారని వకీలు నోటీసు వచ్చాకే మాకు తెలిసింది. ఆ పేరు పలకడం చిన్నతాతకు చివరిదాకా రానేలేదు. నోటీసు పంపింది పరాయివాళ్లు కాదు, పెదనాన్నా మా నాన్నా. ఇల్లు అమ్మి పంచమని వాళ్ల పట్టు. అత్త కదలనంది.

చిన్నతాతకు వేలూరు బజారులో లుంగీల కొట్టు ఉండేది. బక్కపలచని మనిషి, మెత్తని గొంతు. నోటీసు అందినప్పటి నుంచి మా మూడిళ్లలో ఎక్కడా ఆయన మంచినీళ్లు కూడా ముట్టలేదు. వచ్చినప్పుడల్లా క్యారియర్ తెచ్చుకుని, అరుగు మీద కూర్చుని పెరుగన్నం తినేవారు. మా అమ్మ నొచ్చుకుంటే, "నీ చేతి కూడు నాకు ఇష్టమే అమ్మా. ఈ పంగు ముగిసినాక కడుపు నిండా పెట్టు" అనేవారు. పంగు అంటే మా వైపు వాటా. ఎవరి పక్షమో వహించాడన్న మాట పడతానేమోనని ఆయనకూ భయమే.

ఒక ఆదివారం అందరినీ ఆ ఇంట్లోనే కూర్చోబెట్టారు. పెదనాన్న కేకలు వీధి చివరిదాకా వినబడుతున్నాయి. నాన్న చొక్కా చేతులు మడిచాడు. తోడబుట్టినవాళ్లు కొట్టుకుంటారేమోనన్న భయం ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. చిన్నతాత మాత్రం నాన్న వైపు తిరిగి, "నీ మాట ఇన్నాను కదప్పా. ఇప్పుడు మీ యక్క మాదిరి మాట్లాడు" అన్నారు.

"ఏం ఆటలా ఉండాదా?" అన్నాడు నాన్న.

"ఆట కాదు నాయనా. ఆమె కూర్చునే చోట కూర్చో. ఆమెకు ఏం కావాల్నో నువ్వు చెప్పు. నీకేం కావాల్నో ఆమె చెప్తాది."

నాన్న విసురుగా వెళ్లి, అత్త నూలు చుట్టే రాట్నం ముందు కూర్చున్నాడు. తర్వాత, "ఈ ఇల్లు అమ్మేస్తే నేను యాడికి పోవాల?" అన్నాడు.

అత్త తలవంచుకుని నాన్న మాట చెప్పింది. "తోలు ఫ్యాక్టరీలో నా పని పోయినాది. ఇంట్లో చెప్పలేక దినమూ క్యారియర్ ఎత్తుకోని బయటికి పోతా ఉండాను." అమ్మా నేనూ నాన్న మొహం చూశాం. అక్కతో తప్ప ఎవరితోనూ చెప్పుకోలేదట.

ఆ రోజే ఒప్పుకున్నారు. ముందు గదులు అత్తకు, షెడ్డూ దొడ్డీ అన్నదమ్ములకు. సంతకాలయ్యేదాకా షెడ్డు తాళం చిన్నతాత దగ్గరే. మా ఇంట్లో తలలు పగలకుండా కాపాడింది ఆయనే. ఆ రుణం నేను తీర్చుకోలేను.

కానీ సంతకాల దాకా ఆయన ఉండలేదు. వేలూరులో ఆయన్ను ఇంకా పాడె మీదికి ఎత్తకముందే పెదనాన్న కొడుకు నా పక్కన చేరి, "షెడ్డు బీగాలు యాడుండాయి? అంతా నోటిమాటే కదా, ఇంగ దానికేం లెక్క?" అన్నాడు. నాన్న విన్నాడు. నాకు ఆ మాట కంటే నాన్న ఊరుకోవడమే ఎక్కువ భయం పుట్టించింది.

అత్త రాలేదు. చూసి చూసి ఎత్తేశారు. స్నానం చేసి బస్సెక్కి గుడియాత్తం వెళ్లాను. తలుపు కొడితే పక్క కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది.

"కడచూపుకు ఎందుకు రాలేదత్తా?"

"ఎట్ల వచ్చేది నాయనా? నేను గడప దాటినాక ఎవురన్నా వేరే బీగం ఏసేస్తే?" చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నేను వచ్చాను కదా, తలుపు తియ్యమన్నాను. ఆమె చూపు నా భుజం మీదుగా వీధిలోకి పోయింది. నా వెనక మా నాన్న వచ్చాడేమోనని భయపడుతోందని అర్థమైంది.

"ఒంటిగానే వచ్చినావా?"

అవునన్నాను. చువ్వల్లోంచి చెయ్యి చాపి నా చెంప తడిమింది. తలుపు మాత్రం తియ్యలేదు.