రెండో చరణం

దుకాణంలో ఆయన్ని అందరూ సగంపాట అనేవారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఎదురుగా అన్నా ఆయన నొచ్చుకునేవాడు కాదేమో, ఎందుకంటే అందులో అబద్ధమేమీ లేదు. పాటల సెట్లు అమ్మే పెద్ద దుకాణంలో ఒక అద్దాల గది ఉండేది. కొనడానికి వచ్చినవాళ్ళని ఆ గదిలో మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, స్పీకర్ల గొప్పతనం వినిపించడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్ళు అదే పని చేశాడు. అన్నేళ్ళలో ఒక్క పాటనైనా చివరిదాకా పోనివ్వలేదు.

పోనివ్వకూడదు మరి. అది ఆ పనిలో మొదటి పాఠం. పాట పూర్తయితే వినేవాడు లేచి నిలబడతాడు, గడియారం చూసుకుంటాడు, "ఆలోచించుకుని చెప్తాం" అంటాడు. మంచి పట్టు మీద ఉండగా ఆపేస్తే నోటి దగ్గర ముద్ద లాగేసినట్టుంటుంది. ఆ ఆకలి మీదే బేరం కుదురుతుంది. "మిగతాది ఇంటికెళ్ళి మీ సొంత సెట్టులో వినండి సార్" అనేవాడు నవ్వుతూ. ఆ మాటకి పడిపోయినవాళ్ళు ఎంతమందో.

మనిషిని చూసి పాట తీయడంలో ఆయన్ని మించినవాడు లేడు. కొత్త బూట్లు టకటకలాడిస్తూ వచ్చినవాడికి డ్రమ్ములు. భార్య బలవంతం మీద వచ్చి మొహం మాడ్చుకుని కూర్చున్నవాడికి ఫ్లూటు. అందులో ఒకచోట వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తుంది, సరిగ్గా అప్పుడు వేలెత్తి చూపించేవాడు. మాడిన మొహం కాస్తా విచ్చుకునేది. చంటిపిల్లతో వచ్చిన జంటకైతే ఒక జోలపాట. ఒక ఆడగొంతు, వెనకాల పియానో, అంతే. పల్లవి అయ్యాక మొదటి చరణం, ఆ చరణం చివర గొంతు సన్నబడి గాలిలో కలిసిపోతుంటే టక్కున ఆపడం. పిల్లనెత్తుకున్న తల్లి మొగుడి వైపు చూసేది. ఇక మొగుడు చేసేదేముంది!

అలాంటి దుకాణం మూతబడింది. జనం శనగగింజలంత స్పీకర్లు చెవుల్లో దోపుకుని తిరుగుతుంటే అద్దాల గదికి ఎవరొస్తారు? యజమాని మంచివాడు. తాళం వేసే ముందు ఆ గదిలోని సెట్టునే ఆయనకిచ్చేశాడు. నడుమెత్తు స్పీకర్లు రెండు, బరువైన ఆంప్లిఫయరు, సీడీ ప్లేయరు, అట్టపెట్టెల నిండా సీడీలు. వ్యానులో వేయించుకుని ఇంటికి తెచ్చాడు. తెచ్చాక అసలు చిక్కొచ్చి పడింది: ఎక్కడ పెట్టాలి?

ఇంట్లో ఖాళీగా ఉన్నది ఒకటే గది. అది అత్తగారి గది. ఆవిడ చివరి రోజుల్లో కూతురి దగ్గరే ఉండి, ఆ గదిలోనే కన్నుమూసింది. ఏడాది దాటిపోయింది. మంచం తీసేశారు గాని ఆ చోటులోకి ఇంకే వస్తువూ రాలేదు. ఆయన భార్య రానివ్వలేదు. ఇస్త్రీ బల్ల పెడదామంటే వద్దంది, బీరువా జరుపుదామంటే వద్దంది. రోజూ తుడిచి తలుపు చేరవేసేది. ఏడవడం మాత్రం ఎవరూ చూడలేదు. ఆవిడ ఓ ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. పొద్దస్తమానం దుప్పట్లుతికే యంత్రాల హోరులో గడిపి, ఇల్లు చేరేసరికి మాట్లాడే ఓపిక కూడా మిగలని మనిషి. దుఃఖాన్ని కూడా ఆ దుప్పట్లలాగే మడత పెట్టి ఎక్కడో దాచేసిందని ఆయన అనుకున్నాడు. అంతకంటే తరచి అడగలేదు.

"ఆ గదిలో పెట్టుకోనా?" అన్నాడు భయం భయంగా.

"ఆదివారం వినిపించండి," అంది ఆవిడ. "నాకు నచ్చితే ఉంచండి. లేదంటే ఎవరికైనా ఇచ్చేయండి. అమ్మ గది ఊరికే చప్పుళ్ళు చేసుకోడానికి కాదు."

దుకాణం ఎలాగూ పోయింది. ఈ సెట్టు కూడా పోతే, ఇన్నేళ్ళు తను చేసిన పనికి గుర్తుగా చేతిలో ఏమీ మిగలదు. పొద్దున్న లేచి ఏం చెయ్యాలో కూడా తెలీదు. ఎంత గట్టి బేరమైనా ఇంత భయపెట్టలేదు.

సరే, పాటలు ఎంచుదామని నేలమీద పెట్టెలు పరుచుకు కూర్చున్నాడు. అలవాటు ప్రకారం ముందు కొనే మనిషిని తూచబోయాడు. ఈవిడకి ఏం పాటలిష్టం? ఆలోచించాడు. బట్టలు ఆరేస్తూ ఏదైనా కూనిరాగం తీస్తుందా? గుర్తు రాలేదు. పెళ్ళయిన కొత్తలో ఏదో పాటంటే ఇష్టమని చెప్పిందా? చెప్పే ఉంటుంది. ముక్కూ మొహం తెలీనివాడు మెట్లెక్కి వస్తుంటే వాడికి ఏది నచ్చుతుందో చెప్పగలిగిన మనిషికి, కట్టుకున్న భార్య విషయంలో అంతా అయోమయమే అయింది.

పరువు పక్కనపెట్టి మరదలికి ఫోన్ చేశాడు.

"మీ అక్కకి ఏ పాటలంటే ఇష్టమో నీకేమైనా తెలుసా అమ్మా?"

అవతల మరదలు పకపకా నవ్వింది. "ఇప్పుడడుగుతున్నారా బావగారూ! నాకేం తెలుస్తుంది? పాటల షాపాయన పెళ్ళాం, రోజూ విని విని విసిగిపోయి ఉంటుందని మేమంతా అనుకుంటుంటే!"

ఆయనా నవ్వేశాడు గాని ఆ ఇంట్లో పాట అన్నదే లేదు. సాయంత్రం గుమ్మంలో అడుగుపెడుతూనే "చెవులు దిబ్బళ్ళు పడ్డాయి, కాస్త చప్పుడు లేకుండా ఉండనివ్వండి" అనేవాడు. ఇల్లంతా గప్‌చుప్. ఎదురింట్లో రేడియో మోగినా కిటికీ మూసేవాడు.

ఇక చేసేది లేక, దుకాణంలో ఎన్నడూ తప్పనివి నాలుగు తీసి పెట్టుకున్నాడు.

ఆదివారం వచ్చింది. స్పీకర్లని అంగుళం ఇటూ అంగుళం అటూ జరిపి, గోడకి దళసరి పరదా కట్టి, కుర్చీ వేశాడు. ఆవిడ వచ్చి, పరీక్షకి వచ్చిన పిల్లలా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

ముందు డ్రమ్ములు పెట్టాడు. ఆవిడ స్పీకర్ల వైపు చూడకుండా కిటికీ వైపు చూసింది.

"అద్దాలు ఊగుతున్నాయండీ."

"అదే కదా గొప్ప!"

"ఊడి పడితే బిగించేది ఎవరు?"

డ్రమ్ములు ఆగిపోయాయి. ఫ్లూటు మొదలైంది. ఆ చోటు రాగానే ఆయన వేలెత్తాడు. "విన్నావా? ఊపిరి పీలుస్తున్నాడు."

"పాపం, జలుబు చేసినట్టుంది," అంది ఆవిడ నిజంగానే జాలిపడుతూ.

మూడోది పియానో. దానికి మాత్రం, "బాగుంది" అంది. ఆయన నీరుగారిపోయాడు. ఆ మాట ఆయనకి కొత్త కాదు. కొననివాళ్ళు లేచి వెళ్ళేముందు మర్యాదకి అనే మాట అది.

ఇక మిగిలింది జోలపాట ఒక్కటే. అదే పెట్టాడు. ఆ గొంతు గదిలోకి వచ్చి, ఎదురుగా ఎవరో కూర్చుని పాడుతున్నట్టే నిలిచింది. బోసినవ్వు గురించీ, చిట్టి చేతుల గురించీ, నీళ్ళు పోసి తల తుడవడం గురించీ పాడుతోంది. ఆవిడ ఒళ్ళో ఉన్న చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. మొదటి చరణం చివరికొచ్చి గొంతు సన్నబడింది. ఆయన బొటనవేలు దానంతటదే రిమోటు మీదికి వెళ్ళింది.

"ఆపకండి," అంది ఆవిడ.

"అసలైన చోటు ఇదే. ఇక్కడితో..."

"తరవాత ఏమవుతుంది?"

ఏమవుతుందో ఆయనకి తెలీదు. ఆ పాటని కొన్ని వందల సార్లు పెట్టి ఉంటాడు. తరవాత ఏముందో ఎన్నడూ వినలేదు. వేలు తీసేశాడు.

రెండో చరణం వచ్చింది. రాగం మారలేదు. ఆ పాడే మనిషి బిడ్డకి పాడటం లేదు, తల్లికి పాడుతోంది. బోసినవ్వు పళ్ళూడిపోయిన ముసలితల్లిది. చిట్టి చేతులు చిక్కి సగమైన చేతులు. నన్ను నిద్రపుచ్చినదానివి, ఇవాళ నువ్వే ముందు నిద్రపోయావు, లేపినా లేవకున్నావు అంటోంది.

చంటిపిల్లలతో వచ్చిన ఎన్ని జంటలకి దీన్ని పెట్టాడు! అది అలా ఉంచి, ఏడాది కింద ఒక తల్లి ప్రాణం పోయిన గదిలో, ఆ తల్లి కూతుర్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ వినిపిస్తున్నాడు. చప్పున రిమోటు కోసం చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతిని పక్కకి తోసేసి, పాట మధ్యలోనే బావురుమంది.

పాట తన దారిన తాను నడిచింది. ఇంకో చరణం కూడా ఉంది. మాటలన్నీ అయిపోయాక ఆ గొంతు ఒట్టి రాగం తీస్తూ, తీస్తూ ఆగిపోయింది. ఆవిడ ఏడుపు మాత్రం ఆగలేదు. ఆయన కుర్చీ పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

"నాకు తెలీదే," అన్నాడు. "ఒట్టు. ఇలా ఉంటుందని తెలీదు."

"అమ్మ అడిగేది," అంది ఆవిడ వెక్కుతూనే.

"ఏమని?"

"పాట. మంచంలోంచి లేవలేని రోజుల్లో. అల్లుడు పాటల షాపులో పని చేస్తాడు కదే, నాకో పాట పెట్టమని చెప్పవే అనేది. మీరేమో వస్తూనే చెవులు నొక్కుకుని పడుకునేవారు. రేపు చెప్తాలే అమ్మా, రేపు చెప్తాలే అంటూ వచ్చాను."

"నాకొక్క మాట చెప్తే పెట్టనా!"

"పెట్టేవారే. నేనే చెప్పలేదు. కొన్నాళ్ళు మీ మీద కోపం, కొన్నాళ్ళు నా మీద నాకే కోపం. ఈ డబ్బాలు మోసుకొచ్చి ఈ గదిలోనే పెడతానంటే, నాకు ఒళ్ళు మండిపోయింది."

ఆయనకి సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా దుఃఖం ముంచుకొచ్చింది. దారినపోయే వాళ్ళందరికీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాటలు పెట్టి, గోడకవతల ఉన్న ముసలావిడకి ఒక్కటంటే ఒక్కటి పెట్టలేదు. ఆవిడా కోడికూత వేళ నుంచీ ఈ గదిలో నిశ్శబ్దంగా పడుకుని, అల్లుడు అలిసిపోయి వస్తాడని తనని నేరుగా అడగకుండా ఊరుకుంది.

"ఏ పాట కావాలన్నారు?" అన్నాడు.

"అదీ అడిగాను. నాకేం తెలుసే పాటలు, అల్లుడికి ఏదిష్టమో అది పెట్టమనవే అంది."

ఆయన పెట్టెల వైపు తిరిగాడు. ఒకటి తీశాడు, పెట్టేశాడు. ఇంకోటి తీశాడు. అది కొత్త బూట్లవాడిది. ఇంకోటి మొహం మాడ్చుకున్నవాడిది. పక్కది లాయర్లకి నచ్చేది, దాని పక్కది రిటైరైన మాష్టర్లకి నచ్చేది. మూడు పెట్టెలూ తిరగేశాడు. ఎవరిది ఏదో అన్నీ చెప్పగలడు.

"నాకేదిష్టమో నాకే తెలీదే," అన్నాడు.

ఆవిడ అరచేత్తో కళ్ళు తుడుచుకుని ఆయన్నే చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"అయితే వెతకండి," అంది. "ఒక్కోటీ మొదట్నుంచీ పెట్టండి. నేనూ ఇక్కడే కూర్చుంటాను."