ఊక నింపిన గుంట

ఒక జత బూట్ల మీద నేను వేసిన నింద ఏళ్లుగా నన్ను తింటోంది. ఇంట్లో నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మిర్యాలగూడలో నేను పిల్లలకు ఆటలు నేర్పే మాస్టరును. మా స్టేడియం పేరుకే ఫుట్‌బాల్ స్టేడియం. పొద్దున నడకకు వచ్చేవాళ్లది, దసరాకు రావణుడిది, మిగతా రోజుల్లో మైకు పట్టిన ప్రతివాడిదీ. ఏం చేస్తాం, ఊళ్లో అంత జాగా ఇంకెక్కడుంది? సభ అయిపోగానే పందిరి గుంజలు పీక్కుని వాళ్లు పోతారు. మాకు గుంటలు మిగులుతాయి. వాటిలో మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టించాలి. ఆ బాధ్యత నాది.

ఒకసారి సభ అయిన మర్నాడే సెలక్షన్ మ్యాచ్. మట్టి ట్రాక్టరు రాలేదు. పక్కనే రైసుమిల్లు, ఊకకు కొదవా? గుంటలన్నీ ఊకతో నింపించి, పైన పిడికెడు మట్టి చల్లి, సున్నం గీతలు గీయించాను. చూడ్డానికి ఎంత చదునుగా ఉందో! ఒక్క పూట గడిస్తే చాలనుకున్నాను. ఎవరైనా పడతారని నాకు తెలియదా? తెలుసు. మ్యాచ్ వాయిదా వేయమని అడిగితే పైవాళ్లతో మాట పడాలి, ఆ మాట పడటం కంటే పిల్లల కాళ్లు నాకు చులకనయ్యాయి.

సునీత దామరచర్ల దగ్గరి తండా పిల్ల. ఆ రోజు ఎంపికైతే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువు, మూడు పూటలా తిండి. బంతి వెంట ఉరుకుతూ గుంటలో కాలు దిగబడి పడిపోయింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అందరూ ఆమెను ఎత్తుకుని పరుగెడుతుంటే, నేను వెనక ఆగి కాలితో ఆ గుంటను కప్పేశాను.

దవాఖానలో వాళ్ల నాన్న లచ్చు ఆమె బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కరెంటు ప్లాంటు కట్టే దగ్గర కూలీ అతను.

"రెండేండ్లు వస్తయని ఒక సైజు పెద్దయి కొన్న సార్. ముందట గుడ్డపేలికలు గుక్కి ఇచ్చిన. గందుకే పడ్డదా?"

"అవు లచ్చూ. జర సూస్కోని కొనాల్సింది."

ఛీ! తలూపి ఊరుకున్నా పోయేది. సుద్దులు కూడా చెప్పాను.

ఆ పిల్ల మళ్లీ పరుగెత్తలేదు. ఇప్పటికీ కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. నేను తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

మొన్న ట్రయల్స్‌కు లచ్చు తన తమ్ముడి బిడ్డను తీసుకొచ్చాడు. గేటు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఆ పిల్ల బూటు కొసను వేలితో నొక్కి చూశాడు. తర్వాత పక్కన నిలబడ్డ పిల్లలవీ చూశాడు.

"ఏలు తగుల్తున్నదా బిడ్డా? వదులుంటే ఏస్కోకు. నేను జేసిన తప్పు మీ నాయినలు జేయొద్దు."

నన్ను చూసి లేచి దండం పెట్టాడు. నేనూ పెట్టాను.

బూట్లలో ఏ తప్పూ లేదు. ఆ కాలు విరిచింది నేను. లచ్చుకు ఈ మాట ఇంకా చెప్పలేదు, చెబుతానో లేదో తెలియదు. మీకు చెప్పాక ఊపిరి కొంచెం ఆడుతోంది. లచ్చు మాత్రం ఇంకా పిల్లల బూట్లు నొక్కి చూస్తూనే ఉన్నాడు.