టైలరమ్మ ఆవులింత

ఆసుపత్రిలో ఆక్సిజన్ గది నడపడం నా ఉద్యోగం. పెద్ద ఇనుప పీపాలాంటి ఆ గదిలో రోగిని కూర్చోబెట్టి, తలుపు బిగించి, గాలి ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పీల్పిస్తాం. ఎక్కువగా పుండ్లు మానని వాళ్లే వస్తారు. బట్టలు కుట్టి బతికే టైలరమ్మ మాత్రం ఏడేళ్ల కూతురు బుజ్జిని తీసుకొచ్చింది.

బుజ్జికి నిన్న నేర్పింది ఈరోజు గుర్తుండేది కాదు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కూడా వచ్చేది కాదు. కడుపుతో ఉండగా తల్లి మద్యం తాగిందా అని డాక్టరుగారు అడిగినప్పుడు నేనక్కడే ఉన్నాను. మా ఇంట్లో అలాంటివి లేవండీ అని వెంట వచ్చిన ఆవిడ అత్తగారు అడ్డుపడింది. టైలరమ్మ తల దించుకోలేదు.

"తాగానండీ. కడుపని తెలిశాక కూడా మానలేకపోయాను. ఇది పుట్టాక మళ్లీ ముట్టుకోలేదు."

అంత సూటిగా జవాబు చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

తల్లి తాగుడువల్ల కడుపులోనే వచ్చిన ఆ జబ్బు ఈ వైద్యంతో నయమవుతుందనే రుజువేమీ లేదని డాక్టరుగారు ముందే చెప్పారు. పరిశోధన కోసం నలభై రోజులు చేసి చూద్దామన్నారు. తనూ లోపల కూర్చుంటానని టైలరమ్మ ఒప్పుకుంది.

మొదటిరోజు చెవులు దిబ్బళ్లు పడి బుజ్జి ఏడుపు లంకించుకుంది. ఆవులిస్తే చెవులు వదులుతాయని ఎంత చెప్పినా ఆ పిల్లకు ఎక్కలేదు. మర్నాడు టైలరమ్మే కావాలని ఇంత నోరు తెరిచి ఆవులించింది. వెంటనే బుజ్జి. అద్దంలోంచి చూస్తున్న నేనూ. ఆవులింతకు అన్న ఉన్నాడని ఊరికే అన్నారా!

నిప్పంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఆ గదిలోకి నూలు బట్టలు తప్ప బొమ్మ కూడా వెళ్లకూడదు. అందుకని ఆవిడ గుడ్డ బొత్తాలతో నూలు చొక్కా కుట్టుకొచ్చింది. లోపలున్న గంటసేపూ తల్లీకూతుళ్లకు అదే పని. పెట్టడం, విప్పడం, మళ్లీ పెట్టడం. ఒక్కనాడూ ఆవిడ విసుక్కోలేదు.

నలభై రోజుల తర్వాత పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ బుజ్జి మూడు బొత్తాలు తనంతట తనే పెట్టుకుంటోంది. ఇది గాలి మహిమేనా అని టైలరమ్మ నన్నడిగింది.

"ఖాయంగా చెప్పలేనమ్మా. నాకైతే మీ ఓపికే అనిపిస్తోంది."

అయితే ఆ గంట ఇంట్లోనే కూర్చుంటామంది ఆవిడ. కూర్చుంటున్నారు కూడా.

ఇప్పుడు ప్రతి గురువారం గర్భిణులు కూర్చునే హాలుకొచ్చి, తన కథ తనే చెబుతోంది. పోయిన వారం అత్తగారూ వెంట వచ్చింది. కొంచెం పుచ్చుకుంటే ఏమవుతుందిలే అని ఒకావిడ నవ్వింది. అత్తగారు పక్కకు జరిగి ఆవిడకు చోటిచ్చింది.

"ఇలా కూర్చోండి. మా కోడలు చెప్తుంది, వినండి."