సున్నం కలిపిన సరస్సు

సార్ పోయారన్న కబురు వాళ్లమ్మాయి ఫోన్లో పంపింది. అప్పుడు నేను ఈ అరబ్బు దేశంలో మేముండే తుబ్లీ క్యాంపు నుంచి పని ఉన్న అమ్వాజ్‌కు పోయే కంపెనీ బస్సులో ఉన్నాను. అందరూ కునికిపాట్లు పడుతున్నారు. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. ఆయన నాకు చుట్టం కాదు. నేను పనిచేసే బిల్డింగులో కూతురి దగ్గర ఉండే పోలండ్ దేశపు ముసలాయన.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో బిల్డింగు ముందున్న చిన్న కొలను పచ్చబడింది. సూపర్‌వైజర్ పాచి చంపే మందు డబ్బా చేతికిచ్చి, "యల్లా, జల్దీ పోసెయ్. ఖలాస్, పనైపోతది" అన్నాడు. నేను మూత తీస్తుండగా సార్ వట్టికాళ్లతో దిగివచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు భాయ్. నేనొకసారి పోశాను."

డ్యూటీ అయ్యాక గట్టుమీద కూర్చుని, నాకర్థమయ్యేలా నింపాదిగా ఇంగ్లీషులో చెప్పారు. వాళ్ల దేశంలో పైన్ అడవి నడుమ ఒక సరస్సు. వాగు కలవదు, వాన నీరే ఆధారం. అడుగున రాళ్లు లెక్కపెట్టేంత తేట. సారం తక్కువున్న ఆ నీళ్లలోనే బతికే చిన్న మొక్కలు ఎండాకాలం తెల్లపూలను నీటిపైకి ఎత్తేవట. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆ ఒడ్డున జర్మన్ మాట్లాడే జాలర్లుండేవారు. యుద్ధం అయ్యాక ఆ నేల పోలండ్‌కు దక్కి, వాళ్లు వెళ్లిపోయారు, సరస్సు పేరు కూడా మారింది.

"మనుషులు మారినా నీళ్లు మారలేదు. మార్చింది నేనే."

ఆయన అప్పుడు చేపల శాఖలో కుర్ర ఉద్యోగి. దిగుబడి పెంచమని పైనుంచి ఆజ్ఞ. పడవలోంచి సున్నం, ఎరువు బస్తాలకు బస్తాలు గుమ్మరించారు. చేపలు పెరిగాయి. తర్వాత నీరు పచ్చబడి, వెలుతురు అడుగుకు దిగక, పూలు పోయాయి. అప్పటినుంచి ప్రతి చలికాలం సరస్సుపై గడ్డకట్టిన మంచుకు కన్నం వేసి, గొట్టంతో అడుగు బురద తీసి చూసేవారు. అడవి తగలబడిన ఏటి మసి ఒక పొర, పుప్పొడి ఒక పొర, ఆయన పోసిన సున్నం ఒక పొర.

"బురద ఏదీ మరిచిపోదు భాయ్."

"మీరు పోయకుంటే ఇంకొకడు పోసేటోడు గద సార్" అన్నాను.

"పోసేవాడే. కానీ పోసింది నేను."

నేను మందు పోయలేదు. సూపర్‌వైజర్ తిట్టి, నెల్లాళ్లు ఓవర్‌టైం ఆపేశాడు. రోజూ డ్యూటీ అయ్యాక చేత్తోనే పాచి తీశాను. సార్ గట్టున కూర్చుని, రొట్టె కుళ్లితే పాచి పెరుగుతుందని, కొలనులోని చేపలకు వేసేవాళ్లను వారించేవారు. చలికాలానికి అడుగు కనబడింది. నా దగ్గర నేర్చుకున్న తెలుగులో పొద్దున్నే పై అంతస్తు నుంచి అడిగేవారు: "నీళ్లు ఎట్లున్నయ్?"

"గా ముసలాయన నీకేమైతడురా?" అని రూములో అడిగేవారు.

"ఏం గాడు" అనేవాణ్ని.

ఈ ఏడు జబ్బు ముదిరి కూతురు ఆయన్ను వాళ్ల దేశం తీసుకుపోయింది. సరస్సు దగ్గరికి పోతానని పట్టుబట్టారట. అక్కడి ఆసుపత్రి నుంచి అంతదూరం ప్రయాణానికి డాక్టర్లు ఒప్పుకోలేదు.

ఆయన చనిపోవడానికి నాలుగు రోజుల ముందు మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. మనిషి బాగా చిక్కిపోయారు. మాట రావడం లేదు, పెదవులు కదులుతున్నాయి. అడిగేదేమిటో తెలుసు. కొలను పక్కన గొంతుక్కూర్చుని ఫోను నీళ్లవైపు తిప్పాను. చాలాసేపటికి చూస్తే తెరమీద ఆయన లేరు. ఆయన చేతిలోంచి ఫోను జారినట్టుంది, ఆసుపత్రి తెల్లటి పైకప్పు ఒక్కటే కనిపిస్తోంది. సన్నగా ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. నేను కట్ చేయలేదు. ఫోనును అలాగే నీళ్లవైపు పట్టుకుని కూర్చున్నాను.