నేహా లెక్క తప్పిన రోజు

ఫరీదాబాద్‌లో గ్యాస్ కంప్రెసర్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీర్‌ని. నాకొస్తుందనుకున్న ప్రమోషన్ నా తర్వాత చేరిన నేహాకు వచ్చింది. అప్పట్నుంచి ఆమె నవ్వినా నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు మా యంత్రం గంటకు ఎంత గ్యాస్ ఇస్తుందో ఆమె కొనుగోలుదారులకు వివరిస్తోంది. పిస్టన్ వెనక్కి జరిగిన ప్రతిసారీ కంప్రెసర్ సిలిండర్ నిండా కొత్త గ్యాసే చేరుతుందని లెక్కకట్టింది! లోపల మిగిలిపోయిన పాత గ్యాస్ వ్యాకోచించి కొంత చోటు ఆక్రమిస్తుందని, అందుకే గ్యాస్ అంత రాదన్న సంగతే మరిచిపోయింది. నాకు లోలోపల పండగే. కానీ వాళ్లు ఆ లెక్క నమ్మి ఒప్పందంపై సంతకం పెట్టబోతుంటే ఊరుకోలేకపోయాను.

"నేహా, ఏక్ మినిట్," అంటూ లేచి తప్పు చెప్పాను.

ఆమె ముఖం పాలిపోయింది. మళ్లీ లెక్క చూసుకుని, అందరివైపూ తిరిగి, "వసుధా సహీ హై. గల్తీ మేరీ హై," అంటూ నేను చెప్పిందే సరైందని, తప్పు తనదేనని ఒప్పుకుంది.

ఆమె స్థానంలో ఉంటే నేనలా అనగలిగేదాన్నా? ప్రమోషన్ కన్నా ఆ మాటకే ఆమెను చూసి ఎక్కువ కుళ్లుకున్నాను.

– వసుధ, ఫరీదాబాద్