గంట విమానం, పది గంటల దారి: గోదావరిఖని నుంచి రాజమండ్రికి

నా పేరు ముత్తమ్మ. వయసు డెబ్బై దాటింది. గోదావరిఖనిలో కొడుకు, కోడలు, మనవరాలు శిరీషతో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే శిరీష రాస్తోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

మా చెల్లెలు కనకమ్మ రాజమండ్రిలో పోయింది. ముత్తయిదువుగా పోయిన ఆడదాన్ని తల్లిగారింటి చీర కప్పి సాగనంపాలి. తల్లిగారింట్లో మిగిలింది నేనొక్కదాన్నే. తెల్లవారుజామున కబురు రాగానే కొడుకు రామగుండంలో రైలెక్కిస్తానన్నాడు. విజయవాడ మీదుగా తొమ్మిది, పది గంటలు. "విమానంల గంటేనట, రైలెందుకురా" అని వాడి నోరు మూయించాను. శిరీష ఫోన్లో చూసింది కూడా అదే: శంషాబాద్ నుంచి రాజమండ్రికి గాలిలో సుమారు మూడు వందల అరవై కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు.

ఆ గంట శంషాబాద్‌లో మొదలవుతుందన్నది నా బుర్రకెక్కలేదు. ఆరింటికి కారు మాట్లాడుకుని, పెద్దపల్లి, కరీంనగర్, సిద్దిపేట దాటి, రింగు రోడ్డెక్కి అక్కడికి చేరేసరికి పదకొండున్నర. కారుకు ఏడు వేలు. అప్పటికప్పుడు కొన్నందుకు నాకూ శిరీషకూ టికెట్లకు పదమూడు వేలు. దారి పొడుగునా డ్రైవర్ యూసుఫ్‌ను తరుముతూనే ఉన్నాను.

"అవ్వా, రాజమండ్రి గోదావరి కింది దిక్కున్నది. మనం ఎన్కకు పోతున్నం. ఎంత జల్ది తోలినా ఎన్కకే గద" అన్నాడు.

"నువ్వు రోడ్డు చూసి తోలు. నాకు దిక్కులు నేర్పకు."

సిద్దిపేట దగ్గర మరిది సత్యం, అంటే కనకమ్మ భర్త, ఫోన్ చేశాడు. "ఎక్కడిదాకా వచ్చావు వదినా? మావాళ్లు తొందరపెడుతున్నారు."

"విమానం కాడనే ఉన్న. పన్నెండు కల్ల మీ ఇంట్ల ఉంట. అప్పటిదాక తియ్యకుండ్రి."

శిరీష నా చెయ్యి పట్టుకుంది. "నాయనమ్మా, విమానమే ఒకటిన్నరకు. నిజం చెప్పరాదు."

"నిజం చెప్తే ఆగరు బిడ్డా. దగ్గర్ల ఉన్నరంటెనే ఆగుతరు."

ఒంటిగంటకు మళ్లీ ఫోన్ మోగితే ఎత్తనివ్వలేదు. విమానం చెప్పిన టైముకే లేచింది, చెప్పిన టైముకే దిగింది, దాన్ని తప్పుపట్టను. ఊళ్లోకి టాక్సీలో ఇంకో ముప్పావుగంట. నాలుగు కావస్తుండగా చేరితే ఇల్లు కడిగి ఉంది. సత్యం తడిబట్టలతో అరుగు మీద కూర్చున్నాడు.

"ఇంకింతసేపు ఆగలేకపోయినవా" అని మీదపడ్డాను.

అతను గొంతు పెంచలేదు. "పన్నెండన్నావు వదినా. ఒకటిన్నర దాకా ఆపాను. ఫోన్ కూడా ఎత్తకపోతే, ఇక రావనుకున్నారు అందరూ. నాలుగవుతుందని ఒక్క మాట చెబితే నాలుగింటికే దహనం పెట్టించేవాణ్ణి. పొద్దుందిగా."

చీర మడత విప్పకుండానే తిరిగి తెచ్చాను. తల్లిగారింటివాళ్లు చీర తేలేదని అక్కడ అనుకుంటున్నారట. తెచ్చాననే ఇది రాయిస్తున్నాను. మా ఇంటాయన ముప్పై ఏళ్లు బొగ్గు బావిలో దిగాడు. ఎనిమిది గంటల డ్యూటీ అన్నా, దిగడం, నడవడం, ఎక్కడం, స్నానం కలిపి పదకొండు గంటలైతే గానీ ఇల్లు చేరేవాడు కాదు. రోజూ పొయ్యి మీద అన్నం పెట్టుకుని ఆ లెక్క చూసినదాన్ని, విమానం దగ్గర మరిచిపోయాను.

మీరు పోయేటప్పుడు విమానం ఎంతసేపో కాదు, మీ గడప నుంచి వాళ్ల గడపకు ఎంతసేపో చూసుకోండి. ఎదురుచూసేవాళ్లకు ఆ టైమే చెప్పండి, ఎంత ఆలస్యమైనా సరే.

ఇది నేను నా నోటితో చెప్పింది.
ముత్తమ్మ, ఎడమచేతి వేలిముద్ర
సాక్షులు: మనవరాలు శిరీష, డ్రైవర్ యూసుఫ్